నాలుగో నంబరు పెట్టె

పోయిన నెల మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, పరీక్షలు అయిపోయిన సంతోషంలో నన్ను వెంటబెట్టుకుని కాట్పాడి రోడ్డులో కొత్తగా పెట్టిన ఒక ఆటవస్తువుల కొట్టుకు బయలుదేరింది. వెంటబెట్టుకుని అనడమే సరైన మాట, ఎందుకంటే ఈ వయసులో నేను ఎవరినీ ఎక్కడికీ తీసుకువెళ్ళే స్థితిలో లేను, అందరూ నన్నే తీసుకువెళుతున్నారు. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. ప్లాస్టిక్ ముక్కలు ఒకదానిలో ఒకటి నొక్కి బిగించి రోబో బొమ్మలు తయారుచేయడమంటే దానికి పిచ్చి. తిండికి పిలిచినా వినిపించదు, కరెంటు పోయినా తెలియదు, కిటికీ దగ్గరికి జరిగి కూర్చుంటుంది అంతే.

ఆ కొట్టులో ఒక గోడ నిండా అవే పెట్టెలు. అక్కడ పనిచేసే అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, నేను ఊరికే చేతిలోకి తీసుకున్న ఒక పెట్టెను చూసి, ఎవరికి సార్ అని తమిళంలో అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపలే ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది. చేసేవాళ్ళు ఇంతకుముందు ఎప్పుడైనా చేశారా, చిన్న ముక్కలు పట్టుకోవడం అలవాటుందా, ఒకచోట ఎంతసేపు కూర్చోగలరు అని. తర్వాత పెట్టె మూల ఉన్న అంకె మీద వేలు పెట్టి, బడిపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. ఒకటి అంటే మొదటిసారి చేసేవాళ్ళకట, ముక్కలు తక్కువ, పెద్దవి. రెండు, మూడు అలవాటు పడేకొద్దీ. నాలుగు అంటే ఏళ్ళ తరబడి చేసి చెయ్యి తిరిగినవాళ్ళకు. కొత్తవాళ్ళకు మాత్రం నాలుగు ఇవ్వకండి సార్, మనసు విరిగిపోతుంది, మళ్ళీ ముట్టుకోరు అన్నది.

ఆ మాట విని నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. పాపం ఆ అమ్మాయి కంగారుపడి నీళ్ళు తెచ్చింది. ఆమె చెప్పింది నాకు తెలియక కాదు. నలభై ఏళ్ళుగా తెలుసు. మా నాయన ఇలాంటి నాలుగో నంబరు పెట్టె ముందే ఆరు నెలలు కూర్చుని, లేచి, తన కుడిచెయ్యి ఇక దేనికీ పనికిరాదని తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం తప్పని నాకు తెలిసింది. చెప్పాను కూడా. కానీ ఆయన చేత నమ్మించలేకపోయాను.

మా ఊరు గుడియాత్తం అనగానే నా ఈడువాళ్ళకు లుంగీలూ, అగ్గిపెట్టెలూ గుర్తుకొస్తాయి. ఒక వీధిలో మగ్గాల చప్పుడు, పక్క వీధిలో అరుగుల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని అగ్గిపెట్టెల అట్టలు మడిచే సందడి, ఊరంతా జిగురు వాసన. ఆ ఊరి బజారులో మాది మళిగ అంగడి, అంటే కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బోర్డు మీద తమిళ అక్షరాలు. మా నాయనకు గానీ మా అమ్మకు గానీ తెలుగు చదవడం రాదు, అప్పట్లో నాకూ రాదు. పెళ్ళయ్యాక చిత్తూరు వైపు నుంచి వచ్చిన నా భార్య, తను చదివే వారపత్రికలు ముందేసుకుని నాకు ఓనమాలు దిద్దించింది. ఇది ఆ అక్షరాలతోనే రాస్తున్నాను కాబట్టి తప్పులు కనబడితే ఆమెనే అనుకోండి.

మా అంగట్లో సరుకుకు పేర్లకన్నా అంకెలు ముఖ్యం. ప్రతి గోనెసంచి మీదా నల్లరంగుతో ఒకటి నుంచి నాలుగు దాకా ఏదో ఒక అంకె ఉండేది. ఒకటో నంబరు చింతపండు పెళ్ళిళ్ళకు, గంగమ్మ జాతర రోజు వచ్చే చుట్టాలకు, రెండోది ఉద్యోగస్తుల ఇళ్ళకు, మూడోది మామూలు జనానికి. నాలుగోది హోటళ్ళకూ, గొడ్లకు కలిపేవాళ్ళకూ. కందిపప్పు అయినా, బెల్లం అయినా, మిరపకాయలైనా అంతే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటి అంటే మేలు, నాలుగు అంటే నాసి. ఇది మాకు ఎవరూ చెప్పి నేర్పలేదు, ఆకలి దప్పికలలాగే తెలిసిపోయింది. బడిలో నాలుగో ర్యాంకు వచ్చిందని నేను సంబరంగా చెబితే మా నాయన ముఖం వాడిపోయింది.

మా నాయన పొట్లం కట్టే తీరు చూడటానికే కొందరు వచ్చేవారు. తల మీద దూలానికి వేలాడే డబ్బాలో దారపు ఉండ, దాని కొస కిందికి జారి ఉండేది. ఎడమచేత్తో కాగితం చుట్టడం, అందులో పప్పు పోయడం, మూత మడవడం, కుడిచెయ్యి పైకి లేచి దారం అందుకుని నాలుగు చుట్లు చుట్టి, ముడి వేయకుండానే వేలితో మెలివేసి పుటుక్కున తెంపడం. ఆ పొట్లం బస్సు టాపు మీద నాట్రంపల్లి దాకా పోయినా గింజ రాలేది కాదు. అంగడి యజమాని అయినవాడు తన చేత్తో పొట్లం కట్టివ్వాలని మా తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు. సరుకు మనిషి చేత తీయించవచ్చు, తూయించవచ్చు, పొట్లం మాత్రం గల్లాపెట్టె పక్కన మెత్త మీద కూర్చున్నవాడే కట్టాలి. కట్టలేనివాడు ఆ మెత్త మీద కూర్చోకూడదు.

అంగడి ముందు ఒక బల్ల ఉండేది. అది మాదే అయినా మాది కాదు, రెండు కట్చీలవాళ్ళది. పొద్దున టీ తాగగానే ఒక పార్టీవాళ్ళు ఒక కొసన, ఇంకో పార్టీవాళ్ళు ఇంకో కొసన కూర్చుని ఎవరి పత్రిక వాళ్ళు పైకి చదివేవారు. ఢిల్లీ మీద కోపం, హిందీ మీద కోపం, రేషను బియ్యం మీద వాదన, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ఎవరు ముందు పెట్టారన్న పంచాయితీ. మధ్యలో మా నాయనను తీర్పు చెప్పమనేవారు. రెండు కట్చీలోళ్ళకీ చింతపండు కావాలప్పా అని ఆయన పొట్లం మీదినుంచి తల ఎత్తకుండా అనేవాడు. అందరూ నవ్వేవారు.

ఎన్నికల రోజుల్లో ఒక పొద్దున, దారం కోసం లేవాల్సిన చెయ్యి లేవలేదు. నోరు ఒక పక్కకు జారింది. బల్ల మీది రెండు పక్షాలవాళ్ళూ లేచి పరుగెత్తుకొచ్చారు. అప్పుడు దగ్గర్లో ఉన్నది ఒక కట్చీ ప్రచారపు వ్యాను ఒక్కటే. జెండాలూ, మైకూ ఉన్న ఆ వ్యానులోనే ఇటువాళ్ళు తల పట్టుకుంటే అటువాళ్ళు కాళ్ళు పట్టుకుని ఆయన్ను వేలూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆ కంగారులో మైకు ఆపడం ఎవరికీ తోచలేదు. దారి పొడుగునా మా నాయనను ఒళ్ళో పెట్టుకుని నేను ఏడుస్తుంటే తల మీద మైకు జనాన్ని ఓట్లడుగుతూనే ఉంది.

ప్రాణం నిలిచింది. మాట తిరిగి వచ్చింది. నెల తిరిగేసరికి కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. చెయ్యి భుజం దాకా లేచింది కానీ వేళ్ళు మాత్రం చెప్పిన మాట వినలేదు. ముడుచుకొమ్మంటే ముడుచుకుంటాయి, ఒక గింజను పట్టుకొమ్మంటే పట్టుకోవు. ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ఒకావిడ ఉండేది, మంచి మనిషి, మా నాయనను అప్పా అనే పిలిచేది. వేళ్ళు తిరిగి వస్తాయనీ, చిన్న చిన్న వస్తువులు ఏరడం, బిగించడం లాంటి పని రోజూ చేయించమనీ, మొదట సులువైనవి పెట్టి తర్వాత కష్టమైనవి పెట్టమనీ చెప్పింది. మొదట సులువైనవి అని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మేం దాన్ని తు.చ. తప్పకుండా పాటించామనే అనుకున్నాం.

బఠాణీలూ శనగలూ కలిపి ఏరమని పెడితే మా నాయన రెండో రోజే పళ్ళెం పక్కకు తోశాడు. పుట్టినప్పటినుంచి గింజలతో బతికినవాడికి గింజలు ఏరడం ఒక పనిలా అనిపించలేదు. చివరికి ఏదో ఒకటి తయారై కనబడాలి అన్నాడు. అప్పుడే మా మేనమామ, మా అమ్మ తమ్ముడు, ఒక మార్గం చెప్పాడు. ఆయనకు వేలూరు బజారులో ఫ్యాన్సీ స్టోరు. మద్రాసు హార్బరు దగ్గర అమ్మే విదేశీ సరుకు మూటగా కొనుక్కొస్తుండేవాడు. ఆ తడవ వచ్చిన మూటలో జపాను అక్షరాలున్న రోబో బొమ్మల పెట్టెలు చాలా వచ్చాయి. చట్రాలకు అంటుకుని ఉండే ప్లాస్టిక్ ముక్కలను కత్తిరించి, కాగితం మీది బొమ్మలు చూసి ఒకదానిలో ఒకటి బిగించుకోవాలి. జిగురు అక్కర్లేదు. వేళ్ళకు దీన్ని మించిన పని ఏముంటుంది బావా అన్నాడు. మా నాయన కళ్ళల్లో చాలా రోజుల తర్వాత ఒక ఆశ కనబడింది. ఆ బొమ్మ పూర్తయిన రోజు అంగడికి పోయి మెత్త మీద కూర్చుంటానన్నాడు. అది మొక్కుకున్నట్టు అన్నాడు, అందుకే మా అమ్మ దేవుడి గూటివైపు తిరిగి దండం పెట్టుకుంది.

నేను వేలూరు బయలుదేరుతుంటే మా నాయన వెనక్కి పిలిచి ఒక మాట చెప్పాడు.

"ఒకటో నంబరు తేవద్దు నాయనా. నేర్చుకునే చేతికి మేలు సరుకు ఎందుకు, పాడుచేసేదానికా? నాలుగోది తే, చాలు."

ఆ జపాను రాతలో మాకు తెలిసింది మూల మీది అంకె ఒక్కటే. మా మామ కూడా కోమటి బిడ్డే కాబట్టి ఆ అంకెను మాలాగే చదివాడు. ఒకటో నంబరు పెట్టెలను అద్దాల బీరువాలో పై అరలో పెట్టి ఎక్కువ ధర చెప్పేవాడు. నాలుగో నంబరువి గుమ్మం దగ్గర గంపలో పోసి, పోయే వచ్చే పిల్లలకు తక్కువకు ఇచ్చేవాడు. నేను రెండు రకాలూ తెరిపించి చూశాను. ఒకటో దానిలో బొటనవేలంత ముక్కలు పన్నెండో పదమూడో ఉన్నాయి. నాలుగో దానిలో గోటి అంచంత ముక్కలు లెక్కలేనన్ని. ఎందుకింత తేడా అని అడిగితే మా మామ నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఒకటోది నిండు గింజ కదరా. నాలుగో రకంలో నూక ఎక్కువ ఉండేది నీకు తెలీదా?"

తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు. నూక ఎక్కువున్న పెట్టెనే చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఆ రోజు నాకు ఇరవైనాలుగేళ్ళు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాను. బి.కాం. చదివినవాణ్ణి. ఒక్క క్షణం ఆగి, అన్ని చిన్న ముక్కలు ఒక రోగిష్టి చేతికి ఎలా లొంగుతాయని ఆలోచించి ఉండవచ్చు. ఆలోచించలేదు. చదువుకన్నా ముందు నాలో అంగడి ఉంది.

పొద్దున కాఫీ తాగగానే మా నాయన కిటికీ దగ్గర చాప వేయించుకుని కూర్చునేవాడు. ఎదురుగా బియ్యం చెరిగే చేట, చేటలో ముక్కలు. వాటిని చట్రం నుంచి కత్తిరించడానికి మా అమ్మ అడకత్తెర ఇచ్చింది, వక్కలు కత్తిరించే అడకత్తెరే. ముక్కను కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో కత్తిరించేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ముక్క ఎగిరి ఎక్కడో పడేది. మా అమ్మ చీపురు పట్టుకుని మూలమూలలా వెతికేది, ఆ ఆరు నెలలూ మా ఇంట్లో ఊడ్చిన చెత్తను వీధిలో పోయకుండా ముందు చేటలో పోసి చూసేవాళ్ళం. నేను సాయం పట్టబోతే చేతి మీద కొట్టేవాడు. నేను ఆఫీసుకు పోతూ చూసేవాణ్ణి, మధ్యాహ్నం అన్నానికి వచ్చి చూసేవాణ్ణి, అదే ముక్క, అదే చెయ్యి, నుదుటి మీద చెమట. ఏమీ చేయలేక చూస్తూ నిలబడటం అలవాటైపోయింది.

ఈలోపల అంగడిని పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు నేనే తీసేవాణ్ణి. మెత్త మీద కూర్చోకుండా నిలబడే అమ్మేవాణ్ణి. నేను కట్టిన పొట్లాలు ఇల్లు చేరేలోపల విప్పుకునేవి. ఒక అవ్వ వీధిలో ఒలికిన పప్పును కొంగులో ఎత్తుకొచ్చి, మీ నాయన ఎప్పుడొస్తాడప్పా అని అడిగింది. వస్తాడవ్వా, ఇంకొంచెం రోజుల్లో వస్తాడు అనేవాణ్ణి. అప్పటికే ప్లాస్టిక్ కవర్లు బజారులోకి వచ్చాయి. పప్పు పోసి, దీపం సెగకు అంచు చూపిస్తే అతుక్కునేది, దారమూ వద్దు, వేళ్ళూ వద్దు. ఆ సంగతి ఇంట్లో ఎత్తితే మా నాయన చేటలోంచి ఇంకో ముక్క తీసుకున్నాడు.

మూడు నెలలకు రోబో అరచెయ్యి వచ్చింది. ఐదో నెలలో వేళ్ళు మొదలయ్యాయి. ఒక్కో వేలికి మూడేసి కణుపులు, ఒక్కో కణుపు ఒక ముక్క. ఆరో నెల చివర ఒక చెయ్యి, భుజం నుంచి వేళ్ళ దాకా, పూర్తయింది. ఆ రోజు పండగ చేసుకోవాలని మా అమ్మ పాయసం పెట్టింది. మా నాయన ఆ చేతిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. చేటలో ఇంకా తల ఉంది, మొండెం ఉంది, రెండో చెయ్యి ఉంది, కాళ్ళున్నాయి. పాయసం ముట్టకుండా నన్ను పిలిచాడు.

"నాలుగో రకం బొమ్మ. మీ మామ అంగట్లో వీధి పిల్లోళ్ళు కొనుక్కుపోయేది. దాంట్లో ఒక చెయ్యి చేసేదానికి ఆర్నెల్లు పట్టె నాకు. ఇంక ఈ వేళ్ళల్లో ఏముండాది చెప్పు. నువ్వు ఆ ఆఫీసు మానేసి అంగట్లో కూచో అప్పా. కవర్లే వాడుకో, నేనేమీ అనను."

పెట్టెకు దారం చుట్టబోయి, చుట్టలేక, మా అమ్మ చేత కట్టించి అటక మీద పెట్టించాడు. ఆయన కవర్లు వాడుకోమన్నాడంటే అంతా అయిపోయినట్టే అని నాకు అర్థమైంది. నేను ఉద్యోగం మానేశాను. దానికి నేను బాధపడలేదు, అబద్ధమెందుకు, గుమాస్తాగిరి నాకూ పెద్దగా రుచించలేదు. మెత్త మీద మొదటిసారి కూర్చున్న రోజు మాత్రం దొంగతనం చేసినట్టు అనిపించింది.

ఆ తర్వాత రెండు నెలలకు నేను సరుకు కోసం వేలూరు వెళ్ళి మా మామ కొట్టులో కూర్చుని ఉండగా ఒక ఇంజినీరు వచ్చాడు. తోలు ఫ్యాక్టరీలలో కొత్తగా దిగిన యంత్రాలు బిగించడానికి మద్రాసు నుంచి వచ్చినవాడు, జపానులో ఏడాది పని నేర్చుకున్నవాడు. కూతురికి ఏదైనా కొందామని చూస్తూ, గంపలో పడి ఉన్న నాలుగో నంబరు పెట్టెలు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఏమయ్యా, పైన పెట్టాల్సింది కింద, కింద పెట్టాల్సింది పైన పెట్టినావే అని తమిళంలో అన్నాడు. ఆ అంకె సరుకు రకం కాదనీ, అది చేసే చేతికి ఎంత పనితనం ఉండాలో చెప్పే గుర్తు అనీ, నాలుగోది పూర్తి చేయడానికి తనకే నెల పట్టిందనీ చెప్పాడు. మా మామ ముందు నష్టపోయిన ధర గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. నేను ఇవ్వబోయిన డబ్బు వద్దని చెప్పి, బీరువాలోంచి ఒకటో నంబరు పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

గుడియాత్తం బస్సు ఆ రోజు నడిచినంత నెమ్మదిగా ఎన్నడూ నడవలేదు. ఇంట్లోకి పోతూనే మా నాయన ముందు ఆ పెట్టె పెట్టి, ఆయాసపడుతూ అంతా చెప్పాను. చెబితే చాలు, ఆయన లేచి కూర్చుంటాడని, రేపే చేట దించమంటాడని అనుకున్నాను. ఆయన పెట్టె మీది అంకెను చూశాడు. నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది, నా మీద జాలి.

"నలభై ఏండ్లు సరుకు అమ్మినాను నాయనా. నేర్చుకునేవానికి ఒకటో నంబరు ఇచ్చేది యాడన్నా చూసినావా నువ్వు?"

ఇది సరుకు కాదు, ఆట అన్నాను.

"నంబరు వేసినాక ఏదైనా సరుకే. నా మనసు చెడిపోయుండాదని నువ్వూ మీ మామా ఒక మాట అనుకోని వచ్చినారు. బిడ్డలు అట్లే చేయాల. నేను తప్పు పట్టను. కానీ ఇంకోసారి చెప్పొద్దు."

మా మామ మర్నాడే వచ్చి దేవుడి పటం మీద ప్రమాణం చేశాడు. ఆయన జీవితమంతా వేళాకోళాలాడిన మనిషి, మా నాయన పెళ్ళిలో చెప్పులు దాచి, తనకేమీ తెలియదని ఇలాగే ప్రమాణం చేసినవాడు. మా నాయన నవ్వాడు. జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వాడు, ఆ నవ్వు చూసి మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంజినీరును తీసుకొస్తేనైనా నమ్ముతాడేమోనని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన పని ముగించుకుని వెళ్ళిపోయాడని ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పారు. ఒకటో నంబరు పెట్టె విప్పి ఒక్క ముక్క పట్టుకుని చూడమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నాలుగోదే చేతగానోణ్ణి, ఒకటోది పాడు చేసి ఆ పేరు కూడా తెచ్చుకోవాలా అన్నాడు. వేరే ఏ విషయంలోనైనా ఆయనకు ఎదురుచెప్పగలిగేవాణ్ణేమో. ఆయన బతికిన బతుకంతా ఒకటి అంటే మేలు అని చెబుతుంటే, నిన్నగాక మొన్న ఎవరో చెప్పిన మాట పట్టుకుని నేనేం చేయగలను.

ఆ తర్వాత ఆయన ఏడేళ్ళు బతికాడు. రోజూ అంగడికి వచ్చేవాడు, కానీ లోపలికి కాదు, బయట బల్ల మీదికి. రెండు కట్చీలవాళ్ళూ జరిగి మధ్యలో చోటిచ్చేవారు. తువ్వాలు కింద కుడిచెయ్యి దాచుకుని కూర్చునేవాడు. నేను లోపల కవర్ల అంచులు దీపానికి చూపిస్తూ అతికించేవాణ్ణి. ఒకసారి తల ఎత్తి చూస్తే, ఆయన ఎవరో వదిలేసిన పత్రిక మూలను ఆ కుడిచేతి వేళ్ళతోనే పొట్లంలా చుడుతున్నాడు. బాగానే చుడుతున్నాడు. నేను చూశానని తెలియగానే వదిలేసి, చెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. లేచి వెళ్ళి, నాయనా, వస్తా ఉండాది కదా అనాలని నోటిదాకా వచ్చింది. అంటే అది కూడా ఓదార్పు కిందే పోతుందని ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు నన్ను నేను తిట్టుకోని సంవత్సరం లేదు.

ఆయన పోయిన ఏడాది, ఒక మధ్యాహ్నం అంగట్లో బేరాలు లేని వేళ, ఒకటో నంబరు పెట్టె విప్పాను. పన్నెండు ముక్కలు. ప్రతిదీ వక్క కన్నా పెద్దది. ఎలా ఉంటుందో చూద్దామని ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతోనే బిగించాను. అరగంట పట్టలేదు, రోబో గల్లాపెట్టె మీద నిలబడింది. బేరానికి వచ్చిన ఒకామె అది చూసి ముచ్చటపడితే, తీసుకుపోమ్మా అని ఇచ్చేశాను. దాన్ని ఇంట్లో పెట్టుకునే ధైర్యం లేకపోయింది.

కాట్పాడి కొట్టులో మా మనవరాలు మొదటిసారి నాలుగో నంబరు పెట్టె కొనుక్కుంది. మూడోవి ఐదారు చేశాక గానీ దీని జోలికి రాలేదట. మొన్న ఆదివారం చూస్తే చేతుల దగ్గర ఆగిపోయి విసుక్కుంటోంది. నేను లేచి బీరువాలోంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాను. ఆయన పోయాక అటక మీది పెట్టెలోంచి తీసి దాచుకున్న ఆ చెయ్యి అందులో ఉంది. తెల్లటి ప్లాస్టిక్ పసుపు తిరిగింది, అడకత్తెర గాట్లు అక్కడక్కడా ఉన్నాయి. ఆ పిల్ల దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి, ఒక్కో వేలూ మడిచి, చాచి, మళ్ళీ మడిచి చూసింది. ఇంగ్లీషు బడిలో చదివినా దానికి మా వీధి భాష పోలేదు.

"ఎవరు చేసినారు తాతా ఇది? అయిదు వేళ్ళూ వేరేవేరేగా ముడుచుకుంటా ఉండాయి. చెయ్యే అన్నిటికన్నా కష్టం, నేను మూడు దినాలనుంచి అల్లాడతా ఉండాను. చేసిన ఆయన చాలా పెద్ద పనివాడు."

మా నాయన అన్నాను. మిగతా బొమ్మ యాడ అని అడిగింది. మానేశాడు, చెయ్యి రావడంలేదని అనుకున్నాడు అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. చేతిలో ఉన్న చెయ్యి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, దీన్ని చూసుకుంటూ చేసుకుంటానని తన బల్ల మీద పెట్టుకుంది.

ఇప్పుడు కొట్లలో పనిచేసే పిల్లలు అడుగుతున్నారు, ఇది ఎవరి చేతికి, ఆ చేతికి ఎంత అలవాటు అని. పెట్టె మీద అన్ని భాషల్లోనూ రాసి ఉంటోంది. మా నాయన జబ్బు పడ్డప్పుడు మా తమ్ముడు బడిపిల్లవాడు, ఇప్పుడు మా అంగడి నడుపుతున్నది వాడి కొడుకే. ప్లాస్టిక్ కవర్లు వాడకూడదని ప్రభుత్వం చెప్పాక మళ్ళీ కాగితం పొట్లాలు వచ్చాయి, కానీ దారం రాలేదు, పిన్ను కొట్టి ఇస్తున్నాడు. బల్ల ఉంది, పత్రికలు లేవు, కట్చీలవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చుంటున్నారు. మా నాయన ఉండి, పన్నెండేళ్ళ పిల్ల అన్న ఆ మాట విని ఉంటే బాగుండేదని రెండు రోజులు అదే పనిగా అనుకున్నాను. ఆ తర్వాత తోచింది. ఆయన దాని తల నిమిరి, మంచి బిడ్డ, తాత ఏం చెప్పమంటే అది చెప్తాది అని నవ్వి ఉండేవాడు.